ఎందుకంటే తాత

రంగంలో టీ కొట్టు లేని వీధి దొరకడం కష్టం. ఆ వీధిలో నాలుగు తెలుగు ఇళ్ళుంటే ఆ టీ కొట్టులో ఎందుకంటే తాత లేకపోవడం ఇంకా కష్టం. ఒక్కోచోట తాత బదులు బాబాయి ఉంటాడు, ఇంకోచోట రిటైరైన గుమస్తా ఉంటాడు. మనిషి మారినా పదవి మాత్రం ఖాళీగా ఉండదు. ప్రభుత్వం 1989లో ఊరిపేరు యాంగాన్ అని మార్చింది గానీ ఆయన్నడిగి మార్చలేదు కాబట్టి ఆయనకది ఇప్పటికీ రంగమే.

పొద్దున్న ఆరున్నరకల్లా లుంజీ బిగించి, భుజాన గుడ్డసంచీ తగిలించుకుని దిగుతాడు. పసిపిల్లల కొలతకు చేయించారేమో అనిపించే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుంటాడు. ఇక్కడ సర్వరు కుర్రాణ్ణి కేకేసి పిలవరు. పెదాలు చేర్చి ముద్దు పెట్టుకున్న చప్పుడు చేస్తారు. ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు మొదటిసారి అది విని తల వంచుకుంటారు. తాత ఆ చప్పుడు రెండుసార్లు చేసి, పాలూ తీపీ దండిగా వేసిన 'చో సెయిన్' ఒకటి చెప్పి, బల్లమీద ఊరికే పెట్టే చైనా టీ ఫ్లాస్కును దగ్గరికి లాక్కుని, కళ్ళజోడు తుడుచుకుంటాడు. ఇక ఎవరి నోట 'ఎందుకు' అన్న మాట వచ్చినా అది ఆయన పేర వచ్చిన ఉత్తరమే. బర్మావాళ్ళు వాళ్ళలో వాళ్ళు 'బా ఫ్యిలో లే' అనుకున్నా సరే, స్టూలు అటు తిరుగుతుంది. వాళ్ళు ఆయన్ని 'సయా' అంటారు, అంటే పంతులుగారు. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. ఎంతవరకు చదివారని ఎవరైనా అడిగితే ఇంకో టీ చెబుతాడు.

చిన్న ప్రశ్నలతో బోణీ అవుతుంది. తీపి పాలడబ్బా తెరిచి తెల్లారినప్పటి నుంచి బయటే పెట్టారు, ఈ ఎండకు విరగదేం?

"అందులో పంచదార ఎంతుందో సూడు. నీళ్ళన్నీ పంచదారే పట్టేసుకుంది. సూక్ష్మజీవికి తాగడానికి సుక్క మిగల్దు. ఉన్న నీరు కూడా దాని ఒంట్లోంచి లాగేత్తాది. అదెలా బతుకుద్దేటి?"

జవాబు సరైనదే. ఆ మాట చెబుతూనే టీని సాసర్లో పోసి ఊదుతాడు. సాసర్లో ఎందుకు చల్లారుతుందో ఎవరూ అడగరు గానీ అదీ చెబుతాడు. గాలి తగిలే మేర పెరిగితే ఆవిరి ఎక్కువ లేస్తుంది, లేచే ఆవిరి పోతూ పోతూ టీలోని వేడిని పట్టుకుపోతుంది. ఆయన ఇదంతా వివరించేసరికి టీ తాగడానికి వీల్లేనంత చల్లారుతుంది. సిద్ధాంతానికి అంతకన్నా రుజువేం కావాలి?

ఇంతవరకు ఏ ఊళ్ళోనైనా దొరికే మనిషే. రంగం తాతకు ఒక ప్రత్యేకత ఉంది. ఆయన చెప్పే ప్రతి జవాబూ కోరంగి మీదుగా పోతుంది. దానికి కారణం లేకపోలేదు. గోదావరి పాయ ఒడ్డునున్న ఆ రేవు నుంచీ, కాకినాడ, విశాఖల నుంచీ ఓడలెక్కి వచ్చిన తెలుగు కూలీలను బర్మావాళ్ళు 'కొరంగీలు' అనే పిలిచారు. ఓడరేవులో మూటలు మోసిందీ, బియ్యపు మిల్లుల్లో చెమటోడ్చిందీ, రిక్షాలు లాగిందీ వాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో 4 లక్షల రంగం జనంలో సగానికి పైగా ఇండియావాళ్ళే. ఆ పిలుపులో గౌరవం పెద్దగా ఉండేది కాదు. తాత దాన్ని బిరుదుగా స్వీకరించాడు. ఆయన లెక్కలో భూగోళం తిరిగేది కోరంగి చుట్టూనే.

చిత్రమేమిటంటే భూగోళం కూడా ఆయనకు కొంత సాయం చేసింది. కోరంగీ, రంగమూ రెండూ ఇంచుమించు 16.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదే ఉన్నాయి. అందుకని మే మొదటి వారంలో ఒకసారీ, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారీ రెండుచోట్లా మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఆగస్టులో ఇక్కడ వాన విడవదు కాబట్టి తాత ప్రదర్శన మేలోనే. పన్నెండు కావస్తుండగా చైనా టీ ఫ్లాస్కు పట్టుకెళ్ళి పేవ్‌మెంటు మీద నిటారుగా నిలబెడతాడు. నీడ కురచవుతూ, కురచవుతూ, ఫ్లాస్కు అడుగున దూరి మాయమవుతుంది. చుట్టూ చేరినవాళ్ళు నోరు తెరుస్తారు. టీ కొట్టు యజమాని మాత్రం ఫ్లాస్కు కోసం చెయ్యి చాస్తాడు.

"ఇంకో 56 నిమిషాలకి కోరంగిలో ఇదే జరుగుద్ది," అంటాడు తాత వాచీ చూసుకుంటూ.

"ఇండియా గడియారం గంట వెనక కదా, 60 అనాలేమో?" అని ఎవరైనా అంటే అదే పండగ. ఇండియా గడియారం నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన, ఇక్కడి గడియారం 97.5 లెక్కన. ఆ రెంటి నడుమ 15 డిగ్రీలుంటే ఈ రెండూళ్ళ నడుమ ఉన్నది 14 డిగ్రీలే. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. పద్నాలుగు నాలుగులు యాభై ఆరు.

బల్లి దగ్గర మాత్రం తాత దొరికిపోయాడు. ఇక్కడ గోడల మీద తిరిగేది మన ఇళ్ళలో చిక్ చిక్ మనే పిల్ల బల్లి ఒక్కటే కాదు. జానెడు పొడుగు, నీలిబూడిద ఒంటిమీద నారింజ మచ్చలు, రాత్రిపూట 'తౌ-తే, తౌ-తే' అని తన పేరు తానే చెప్పుకునే టోకే బల్లి ఒకటుంది. 2021 మేలో గుజరాత్ తీరాన్ని కొట్టిన తౌక్తే తుపానుకు ఆ పేరు పెట్టింది మయన్మారే. పేరు ఈ బల్లిదే. అంత బరువున్న జంతువు తలకిందులుగా పైకప్పుకి ఎలా అంటుకుంటుందని ఒక రాత్రి ప్రశ్న వచ్చింది.

"కాలికింద జిగురుంటాది," అన్నాడు తాత, క్షణం తడుముకోకుండా.

తొమ్మిదో తరగతి చదివే పక్కింటి గుంట ఫోన్‌లో వెతికింది. జిగురు లేదు, గొట్టంలా గాలి పీల్చి పట్టుకోవడమూ లేదు. ఒక్కో పాదం కింద సుమారు 5 లక్షల సన్నటి వెంట్రుకలున్నాయి. ఒక్కోదాని కొస మళ్ళీ వందల పాయలుగా చీలి ఉంది. అంత సన్నటి కొసలు గోడకు మరీ దగ్గరగా ఆనినప్పుడు అణువుకీ అణువుకీ మధ్య ఉండే బలహీనమైన ఆకర్షణ, అంటే వాన్ డర్ వాల్స్ బలం, లక్షల చోట్ల కూడి బల్లిని మోస్తుంది. 2000లో కెల్లర్ ఆటమ్ బృందం ఈ టోకే బల్లి కాలి వెంట్రుక ఒక్కటి తీసుకుని దాని పట్టెంతో కొలిచింది. మరి అడుగు తీసేదెలా? వెంట్రుక వాలిన కోణం మారిస్తే చాలు, పట్టు వదిలేస్తుంది.

తాత అంతా విన్నాడు. మర్నాడు పొద్దున్న అదే బల్ల దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళకి, "జిగురని కొందరనుకుంటారు, తెలీక," అని మొదలుపెట్టాడు. ఆ గుంట పక్కనే కూర్చుని పలాతా తింటోంది. ఆయన తొణకలేదు.

తుపానుల మాట వస్తే వెనక్కి తగ్గే ప్రసక్తే లేదు. 2008 మే 2 రాత్రి నర్గీస్ తుపాను ఐరావతి డెల్టాను ముంచి రంగం మీదికి వచ్చినప్పుడు, తెల్లారేసరికి వీధుల్లో పెద్ద పెద్ద చెట్లు వేళ్ళతో సహా పడి ఉండటం చూసినవాడాయన. ఆ తుపాను గురించి అడిగితే కాసేపు మాట్లాడడు. తరవాత, అది ఎడమవైపుకే ఎందుకు తిరిగిందో చెబుతాడు. తిరిగే భూమి మీద కదిలే గాలి ఉత్తరార్ధగోళంలో కుడికి ఒరుగుతుంది, అలా ఒరుగుతూ అల్పపీడనం వైపు దూకితే సుడి గడియారానికి ఎదురుగా పడుతుంది. దీన్ని కొరియోలిస్ ప్రభావం అంటారు.

"కొరియోలిస్! పేరు సూశావా? మా కోరంగివోడే అయ్యుంటాడు."

"ఫ్రెంచాయన తాతా," అంది ఆ గుంట. "1835లో రాశాడంట."

"ఫ్రెంచోడే. కాదన్నానేటి? కోరంగి పక్కనే యానాం. యానాం ఫ్రెంచోళ్ళదే కదా! 1839లో ఉప్పెనొచ్చి కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. ముందుగానే లెక్క కట్టాడన్నమాట."

వాష్‌బేసిన్‌లో నీళ్ళు సుడి తిరిగేది కూడా ఇందుకేనా అని ఇంకెవరో అడిగారు. అంత చిన్న తొట్టిలో భూభ్రమణం లెక్కలోకి రాదు, నీళ్ళు ఎటు పోస్తే అటు తిరుగుతాయి. తాత ఈసారి ఆ గుంట వైపు ఓరగా చూసి, ఆమె తలూపాకే జవాబు చెప్పాడు.

కోరంగి దారిలో విశాఖ కూడా తగులుతుంది, ముఖ్యంగా ఆకాశం నీలంగా ఎందుకుందన్న ప్రశ్నకు. సి.వి. రామన్ చిన్నప్పుడు చదివింది విశాఖపట్నంలో. ఆయన తండ్రి అక్కడ ఎ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆ తరవాత రామన్ ఆర్థికశాఖ ఉద్యోగంలో చేరి, 1909లో బదిలీ మీద రంగం వచ్చి ఇక్కడ పనిచేశారు. "సదువు ఇశాపట్నంలో, జీతం రంగంలో. నోబెలు బవుమానం వచ్చిందంటే రాదేటి మరి!" అంటాడు తాత. నడుమ కలకత్తా ఉన్న సంగతి ఆయన కథలో ఉండదు. అసలు విషయం మటుకు తప్పు చెప్పడు. గాలి అణువులు ఎరుపు కన్నా నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయని రేలీ చెప్పాడు. సముద్రం నీలం కేవలం ఆకాశపు నీడేనని కూడా అన్నాడు. 1921లో ఇంగ్లండు నుంచి ఓడలో వస్తూ మధ్యధరా సముద్రాన్ని చూసిన రామన్‌కి అది నచ్చలేదు. నీటి అణువులే వెలుగును చెదరగొడుతున్నాయని తేల్చాడు. ఆ దారే 1928 ఫిబ్రవరి 28కి, 1930 నోబెల్‌కి తీసుకెళ్ళింది.

"మరి మన ఏరు గోధుమరంగులో ఉందేం?"

"బురద," అంటాడు తాత. చిన్న జవాబులు ఆయనకు చిన్నతనం. వెంటనే పోటు గురించి ఎత్తుకుంటాడు. గరాటులా సన్నబడే మొత్తమా సింధుశాఖలోంచి సముద్రం ఎగదన్నుతుంది. అమావాస్య, పౌర్ణములకు రంగం ఏట్లో నీరు 5 మీటర్లకు పైగా లేచి పడుతూ అడుగు బురదనంతా కలియబెడుతుంది.

బంగారం సంగతి ఆయనకు మరీ ఇష్టం. 99 మీటర్ల ష్వేడగోన్ పగోడా ఇన్ని వర్షాకాలాలు తడిసినా బంగారం నల్లబడదేం? ఆక్సిజన్‌తో పొత్తు కుదరదు కనక. పసుపుగా ఎందుకుంది? అక్కడ తాత గొంతు తగ్గించి ఐన్‌స్టీన్ పేరు తీస్తాడు. బంగారం పరమాణువు గర్భంలో 79 ప్రోటాన్లున్నాయి. ఆ లాగుడికి దగ్గర్లోని ఎలక్ట్రాన్లు వెలుగు వేగంలో సగానికి మించి పరిగెడతాయి. అంత వేగంలో సాపేక్షత పనిచేసి ఎలక్ట్రాన్ మెట్ల ఎడం మారుతుంది. దాంతో బంగారం నీలం కాంతిని మింగి పసుపు మిగులుస్తుంది. అదే లేకపోతే ష్వేడగోన్ వెండిరంగులో ఉండేదట.

ఇంత చెప్పినవాడూ బుధవారం మధ్యాహ్నం అదే ష్వేడగోన్‌లో రాహువు మూలకు వెళ్ళి చెంబులతో నీళ్ళు పోస్తాడు. బర్మా జ్యోతిషంలో వారానికి ఎనిమిది దినాలు. బుధవారాన్ని రెండుగా కోసి పొద్దుటిపూట పుట్టినవాళ్ళకి దంతాల ఏనుగునూ, మధ్యాహ్నం తిరిగాక పుట్టినవాళ్ళకి రాహువునూ, దంతాల్లేని ఏనుగునూ ఇచ్చారు. తాత రెండో బాపతు. నీళ్ళు పోస్తూనే పక్కవాళ్ళకి, రాహువనే గ్రహమే లేదనీ, చంద్రుడి బాట సూర్యుడి బాటను దాటే చోటుకి అది పేరనీ, ఆ దాపుల్లో అమావాస్యో పౌర్ణమో పడితేనే గ్రహణమనీ చెబుతాడు. గ్రహమే లేనప్పుడు నీళ్ళెందుకని అడిగితే, "వయసుకి ఒకటి కలిపి అన్ని చెంబులు పొయ్యాల, లెక్క తప్పిత్తావు, ఉండు," అంటాడు.

2025 మార్చి 28న సగాయింగ్ భ్రంశం కదిలి, మండలే పక్కన 7.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 3,500 మందికి పైగా పోయారు. ఆ తరవాత కొన్నాళ్ళకి టిక్‌టాక్‌లో ఒక జ్యోతిష్కుడు ఏప్రిల్ 21న దేశంలో ప్రతి ఊరూ కంపిస్తుందని చెప్పాడు. జనం తాత దగ్గరికి పరిగెత్తారు. భ్రంశం ఉత్తర దక్షిణాలుగా ఎలా సాగుతుందో, అది బగో పక్కనుంచి ఎలా పోతుందో చెప్పాడు. 1930 మేలో అక్కడే కదిలి బగోలోని ష్వేమోడో పగోడాను పడగొట్టిన సంగతి చెప్పాడు. తేదీ ఎప్పుడని అడిగారు.

"తెలీదు. ఎవుడికీ తెలీదు. తేదీ సెప్పే యంత్రం పెపంచకంలో లేదు."

ఆయన నోట ఆ మాట అంతకుముందెప్పుడూ ఎవరూ వినలేదు. అది వినడానికి ఎవరూ రాలేదు కూడా. ముసలాడికి మతి తప్పిందనుకుని లేచి వెళ్ళారు. 21న వీధిలో కొందరు చాపలు, దోమతెరలు తెచ్చుకుని బయటే మకాం వేశారు. తాత ఇంట్లో పడుకుని గురక పెట్టాడు. ఏమీ జరగలేదు. జోస్యం చెప్పిన ఆయన్ని పోలీసులు పట్టుకెళ్ళారు.

22న పొద్దున్న టీ కొట్టు నిండిపోయింది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. తాత గెలిచాడని ఒక్కరూ అనలేదు. చాలాసేపటికి ఒకాయన ఆవులిస్తూ అడిగాడు. "మరి రాత్రంతా వీధికుక్కలు అలా మొరిగాయేం సయా? వాటికేదో తెలిసే ఉంటుంది."

తాత కళ్ళజోడు తీసి, లుంజీ కొసతో తుడిచి, పెట్టుకున్నాడు.

"ఎందుకంటే, ఆటి పక్కలో మీరు తొంగున్నారు."