చెవి చెప్పిన టైమింగ్

ప్రొద్దుటూరులో బంగారం కొనేవాడు అంగడాయన చూపును నమ్మడు. మిల్లీగ్రాము దాకా కాటాలో తేలాల్సిందే. అదే పెద్దమనిషి తన పాత బుల్లెట్‌ను షెడ్డుకు తోలుకుపోయి, స్పార్కు టైమింగ్ మాత్రం మెకానిక్ చెవికి వదిలేసి మురిసిపోతాడు.

"గేజీలు, లైట్లు మనకెందుకున్నా? శబ్దం ఇంటే సెప్పేస్తా." జమ్మలమడుగులోనూ ఇదే మాట, పులివెందులలోనూ ఇదే మాట. ఊరికొక చెవి, ఆ చెవికొక శిష్యబృందం. ఆయన కళ్లు మూసుకుంటాడు. స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్‌కు, పిడిని చెవికి ఆనిస్తాడు. స్పార్కు ఎప్పుడు పడాలో తేల్చే పాయింట్ల ప్లేటును అటూ ఇటూ జరుపుతాడు. ఆ కాసేపూ షెడ్డులో ఒక్కడు దగ్గడు.

ఇంతకీ ఆ చెవి వింటున్నదేమిటి? బండి స్టాండు మీద ఉంది. బరువు లేదు, ఎక్కుడు లేదు. అట్లాంటప్పుడు స్పార్కును కొంచెం ముందుకు జరిపితే ఇంజిన్ చురుకవుతుంది, ఇంకొంచెం జరిపితే ఇంకొంచెం. చెవికి అదే సంగీతం కాబట్టి చెయ్యి ముందుకే పోతుంది. స్పార్కు మరీ తొందరపడితే ఇంజిన్ టకటకమని మొత్తుకునే మాట నిజమే గానీ, ఆ నాకింగ్ షెడ్డులో వినపడదు. మే నెల మధ్యాహ్నం ముద్దనూరు నుంచి పులివెందుల దారిలో, వెనక బామ్మర్దీ, వాడి ఒళ్లో చీనీకాయల మూటా పెట్టుకుని టాప్ గేరులో ఎక్కుడు ఎక్కేటప్పుడు వినపడుతుంది. ఆ సమయానికి చెవిగలాయన ప్రొద్దుటూరులో టీ తాగుతుంటాడు.

మర్నాడు కిక్కు కొడితే బండి ఎదురు తంతుంది. పిక్క పట్టుకుని కూలబడినవాడికి ఓదార్పు కూడా సిద్ధమే: "బుల్లెట్టంటే అట్లనే ఉంటాది బ్బీ!"

ఇది పికప్ మఠం. బీటు మఠం వేరే ఉంది. వాళ్లకు బండి పోకపోయినా ఫరవాలేదు, డుగ్గు డుగ్గుమని వీధంతా వినపడాలి. ఆ భక్తుల కోసం అదే చెవి, అదే ప్లేటును ఈసారి వెనక్కి జరుపుతుంది. స్పార్కు ఆలస్యమై, పిస్టన్‌ను నెట్టాల్సిన వేడి సగం బెండ్ పైపులోకి పోతుంది. పైపు నీలంగా మారుతుంది, పెట్రోలు ఆవిరవుతుంది, దాన్ని కూడా బండి "పదునెక్కడం" కింద జమ వేస్తారు. ముందుకు జరిపినా సెట్టింగే, వెనక్కి జరిపినా సెట్టింగే. తప్పయ్యే వీలే లేని విద్య ఇది.

ట్యాపెట్ శబ్దాన్ని చెవితో పట్టేవాళ్లున్నారు, వాళ్లకు దండం. టైమింగ్ సంగతి అది కాదు. పాత 350 బుల్లెట్‌కు పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ముందు గ్యాపు, తర్వాతే టైమింగ్, ఎందుకంటే గ్యాపు కదిలితే టైమింగూ కదులుతుంది. అడ్వాన్సు వెయిట్లు ముడుచుకుని ఉండగా, పిస్టన్ పైకొసకు 0.8 మిల్లీమీటర్ల దూరంలో పాయింట్లు విడిపోవాలి. దీనికి జపాను యంత్రాలేమీ అక్కర్లేదు. ప్లగ్గు రంధ్రంలో గుర్తు పెట్టిన సైకిల్ చువ్వ, పాయింట్ల మధ్య సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం చాలు. మెల్లగా లాగుతుంటే కాగితం ఎక్కడ వదులైందో అక్కడే స్పార్కు. అదీ లేదంటే హెడ్‌లైటు మీది ఆమీటరు ముల్లు చూసినా తెలుస్తుంది. కానీ సిగరెట్టు కాగితంతో పని చేస్తే గురువెవరంటారు?

మజ్దా ఆర్ఎక్స్-7 అనే రోటరీ ఇంజిన్ కారు ఒకటుండేది. అందులో ఒక్కో రోటరుకు రెండు ప్లగ్గులు, రెండూ వేర్వేరు క్షణాల్లో వెలగాలి. పుల్లీ మీద పసుపు గీత ఒకదానికి, ఎర్ర గీత ఇంకొకదానికి. టైమింగ్ లైటు కొట్టి ఆ గీతలు చూసుకుంటూ పెట్టేవాళ్లు, పాపం. మన దగ్గరకొచ్చి ఉంటే రెండు ప్లగ్గులకు రెండు చెవులు సరిపోయేవి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చాక కొత్త బుల్లెట్‌లో స్పార్కు ఎప్పుడు పడాలో చిన్న కంప్యూటరే చూసుకుంటుంది. జరపడానికి ప్లేటు లేదు, గీకడానికి పాయింట్లు లేవు. అయినా "టైమింగ్ ఒకసారి సూడున్నా" అని బండి తెచ్చేవాళ్లు తెస్తూనే ఉన్నారు. ఆయనా కాదనడు. కళ్లు మూసుకుని స్క్రూడ్రైవర్ ఆనించి, యాక్సిలరేటర్ రెండుసార్లు తిప్పి "అయ్యింది పో" అంటాడు. డబ్బులిచ్చినవాడు బస్టాండు దాకా పోయొచ్చి, తేడా బాగా తెలుస్తోందని పిల్లల మీద ఒట్టేసి చెబుతాడు.