మణికట్టుకు మూడు వేళ్ళ కింద

నేను బూడిదరంగు అల్లిక పట్టీని. లోపలివైపు శెనగగింజంత గట్టి ప్లాస్టిక్ బొడిపె ఉంటుంది. నా పనంతా దాంతోనే. బెంగళూరులో కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి పోయే దారిలో ఒక మందుల షాపులో వేలాడుతుంటే, నర్సింగు చదివే పిల్ల ఒకతె నన్ను కొని వాళ్ళవ్వ చేతికి తొడిగింది. అవ్వది అనంతపురం పక్కన రాప్తాడు వైపు పల్లె. రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకొకసారి కీమో.

"ఇదేమి తాయెత్తా పాపా?" అంది అవ్వ.

"తాయెత్తు గాదవ్వా. కడుపులో తిప్పినప్పుడు దీని మీద నొక్కల్ల."

"అట్లయితే మాత్ర వద్దా?"

"మాత్ర మానుకుంటివో నీతో మాట్లాడను. మాత్రా ఏసుకోవల్ల, ఇదీ నొక్కల్ల."

ఆ పిల్ల ఆ రోజు చెప్పిన ఆ మాట కోసమే నేనీ కథ చెబుతున్నాను.

అవ్వకు ఎడమవైపు ఆపరేషన్ చేసి చంకలో లింఫ్ గ్రంథులు తీశారు. అలా తీసిన పక్క చేతికి నీరు చేరి వాచే ప్రమాదం ఉంది, బిగువైనదేదీ కట్టకూడదు. అందుకే నేను కుడిచేతికి, నా జోడు డబ్బాలో.

నా చోటు కనుక్కోవడం తేలిక. అరచేయి పైకి పెట్టి, మణికట్టు గీతను ఆనుకొని రెండో చేతి మూడు వేళ్ళు అడ్డంగా పెట్టాలి, ఉంగరపు వేలు గీత పక్కన వచ్చేలా. చూపుడు వేలు ఆగినచోట, పిడికిలి బిగిస్తే పైకి తేలే రెండు స్నాయువుల మధ్య గుంత ఉంటుంది. అదే. ఎవరి చేతికి వాళ్ళ వేళ్ళే కొలత. సెనక్కాయ విత్తనం ఎంత లోతున పడిందో వేలు గుచ్చి చూసే అవ్వకు ఈ కొలత ఒక్కసారికే పట్టుబడింది.

చైనా వైద్యులు ఆ చోటును నైగ్వాన్ అంటారు. వాళ్ళ సూది వైద్యానికీ మన దేశానికీ ఒక బంధం ఉంది. 1938లో జపాను యుద్ధంలో చిక్కుకున్న చైనాకు మన కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్లను పంపింది. వారిలో కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఆయనతో వెళ్ళిన బిజయ్ కుమార్ బసు తర్వాత మళ్ళీ చైనాకు పోయి ఆక్యుపంక్చర్ నేర్చుకొని కలకత్తాకు తెచ్చారు. ఆ విద్యలో సూదితో చేసే పనినే నేను ఒత్తిడితో చేయడానికి ప్రయత్నిస్తాను.

చేయగలనా అంటే, కొంతవరకు. 1980లలో బెల్‌ఫాస్ట్‌లో మత్తుమందు ప్రొఫెసర్ జాన్ డండీ ఈ చోటును ఆపరేషన్ తర్వాతి వాంతుల మీద పరీక్షించారు. 2015లో కాక్రేన్ సంస్థ 59 ప్రయోగాలను, 7,667 మందిని కలిపి చూసి, ఆపరేషన్ తర్వాతి వికారం తగ్గుతుందనే చెప్పింది, సాక్ష్యం అంత గట్టిది కాదని కూడా చెప్పింది. కీమో సంగతి వేరు. బ్రిటన్‌లో 500 మంది కీమో రోగులకు కొందరికి నాలాంటి పట్టీ, కొందరికి ఉత్తుత్తి పట్టీ కట్టి చూస్తే, 2013లో వచ్చిన ఫలితాల్లో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. నన్ను చేతికి వేసుకునేవాళ్ళకు ఈ సంగతి తెలియాలి.

నా అనుభవం కీమో అయి ఊరికి తిరిగొచ్చే ఆర్టీసీ బస్సులో గడిచింది. బాగేపల్లి దాకా అవ్వ బాగానే ఉండేది. కొడికొండ చెక్‌పోస్టు దాటేసరికి ముఖం చెమటలు పట్టేది, చేయి చల్లబడేది. మనవరాలు బొటనవేలు నా మీద పెట్టి రెండు మూడు నిమిషాలు నిదానంగా ఒత్తేది. ఒక్కోసారి పెనుకొండ కొండ కనబడే వేళకు అవ్వ ఊపిరి కుదుటపడేది. ఒక్కోసారి కవరు అందుకోక తప్పేది కాదు. కుదుటపడిన రోజుల్లో ఎంత భాగం మాత్రది, ఎంత భాగం నాది, ఎంత భాగం ఆ పిల్ల చేతిది అని విడదీయడం నావల్ల కాదు. అవ్వ ఇంటికొచ్చి అర్ధముద్ద సంగటి మజ్జిగతో తిన్న రాత్రి ఆ ఇంట్లో అందరూ తిన్నారు.

పల్లెలో నా పేరు పాకింది. పక్కింటి కోడలు మూడో నెలలో వేవిళ్ళతో వచ్చి అడిగితే, ఆ పిల్ల పట్టీ ఇవ్వలేదు. చోటు చూపించి బొటనవేలితో నొక్కుకోమంది. అది సరైన పని. బోర్లు ఎండి అప్పు మిగిలిన ఇళ్ళకు నేను కొనుక్కు తీరవలసిన వస్తువును కాను. కానీ సంతలో ఒకాయన నాలాంటి పట్టీలే పోగుపోసి సుగరు తగ్గుతుందని, గడ్డ కరుగుతుందని అమ్ముతున్నాడు. గడ్డ కరిగించే శక్తి నాకు లేదు. ఏ పట్టీకీ లేదు.

సాలీనా 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమయ్యే ఈ సీమ ఎండల్లో వాంతులతో ఒంట్లో నీరు పోవడం చిన్న సంగతి కాదు. తాగిన నీళ్ళు నిలవకపోయినా, నోరెండి మూత్రం తగ్గినా, నన్ను నొక్కుతూ కూర్చోవద్దు. ఆసుపత్రికి పోండి, డాక్టరు రాసిన మాత్ర మానొద్దు.