గడి నిండిన బడి

ప్రభుత్వ బడిలో ఏడో తరగతి చదివే పిల్లవాడి గురించి సర్కారుకు తెలిసినంతగా అతడి మేనమామకు కూడా తెలియదు. దేశంలోని బడుల వివరాలను ఏటా సేకరించే యూడైస్ ప్లస్ అనే కేంద్ర వ్యవస్థ, 2022–23 నుంచి బడి మొత్తం లెక్కతో సరిపెట్టుకోకుండా ఒక్కొక్క విద్యార్థినీ విడిగా నమోదు చేయడం మొదలుపెట్టాక, పిల్లవాడి సామాజిక వర్గం, మాతృభాష, ఆధార్ సంఖ్య, దారిద్ర్యరేఖకు ఎగువనా దిగువనా, ఇంటి నుంచి బడి ఎంత దూరం, చివరికి ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, బరువు ఎన్ని కిలోలు అన్నవి సైతం గడిగడికీ నిండుతున్నాయి. తప్పనిసరి గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ ముందుకు కదలదు గనుక, బడిలో కాటా ఉన్నా లేకున్నా పిల్లల బరువులు గడువులోపే తేలిపోతాయి. కాకి లెక్కలకు కూడా ఆఖరి తేదీ ఉండటం ఆధునిక పాలన సాధించిన క్రమశిక్షణ. బడి మానేసిన వాడికి కూడా ఇందులో చోటుంది. కర్నూలు పశ్చిమ మండలాల నుంచి గుంటూరు వైపు మిరప కోతలకు వలసపోయిన కుటుంబంలోని పిల్లవాడు, మరో బడి తన జాబితాలోకి తెచ్చుకునేదాకా ‘డ్రాప్‌బాక్స్’ అనే జాబితాలో ఉంటాడు. చేలో కాయలు కోస్తున్నంత కాలమూ రాజ్యం దృష్టిలో అతడు భద్రంగానే ఉన్నట్టు.

ఇంత నిశితమైన చూపు పిల్లవాడి చదువు మీద పడేసరికి మాత్రం మసకబారుతుంది. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, అంటే పాఠం నడుస్తుండగానే పిల్లవాడు ఎక్కడ తడబడుతున్నాడో పట్టుకోవడానికి ఉద్దేశించిన ఎఫ్‌ఏలు, రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు, అంటే అప్పటిదాకా నేర్చినదాన్ని మొత్తంగా కొలిచే ఎస్‌ఏలు జరుగుతాయి. పట్టుకోవలసిన తడబాటును రాసుకోవడానికి ఆన్‌లైన్‌లో గడి లేదు, మార్కుకు మాత్రం ఉంది. ఆ మార్కు కూడా లాగిన్ మూతపడే రాత్రి సర్వర్ కరుణించినప్పుడు ఎక్కుతుంది. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి, లెక్క చేయించి చూసే అసర్ సర్వే 2022లో తేల్చినదాని ప్రకారం, దేశంలో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకం చదవగలిగినవారు దాదాపు 70 శాతం, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 45 శాతం లోపే. ప్రైవేటు బడి పిల్లలు కూడా ఈ లెక్కలో ఉన్నారు కాబట్టి ఎవరూ మీసం మెలేయవలసిన పనిలేదు. గుమ్మంలో కూర్చుని భాగహారం చేయలేకపోయిన పిల్లవాడు, బడి రికార్డులో ఏదో ఒక గ్రేడుతో పై తరగతిలో కూర్చుని ఉంటాడు.

ఫలితాల మీద సమీక్షా సమావేశం జరిగినప్పుడు పిల్లల వివరాల పట్టికకూ మార్కుల పట్టికకూ చుట్టరికం కలుస్తుంది. పిల్లల్లో ఎస్సీలు ఇంత శాతం, ఎస్టీలు ఇంత శాతం, మొదటి తరం చదువరులు, అంటే ఇంట్లో అంతకుముందు ఎవరూ బడి గడప తొక్కనివారు ఇంతమంది అని చదివి వినిపించి, ఒక నిట్టూర్పు విడవడంతో విశ్లేషణ ముగుస్తుంది. ఆడలేక మద్దెల ఓడనడం పాత సంగతి. ఇక్కడ మద్దెల కులధ్రువీకరణ పత్రంతో సహా హాజరవుతుంది. ఈ వాదానికి పాండిత్యం అండ కూడా దొరుకుతుంది. అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం లక్షలాది విద్యార్థులను పరిశీలించి 1966లో ఇచ్చిన నివేదిక, బడి వసతుల కంటే ఇంటి నేపథ్యమే చదువును ఎక్కువగా ప్రభావితం చేస్తుందని తేల్చింది. చాలామంది ఆ పేజీ దగ్గరే పుస్తకం మూసేశారు. బడి బాగోగులు, టీచరు సామర్థ్యం అల్పసంఖ్యాక వర్గాల పిల్లల చదువు మీదే ఎక్కువ ప్రభావం చూపుతాయని కూడా ఆ నివేదికే చెప్పింది. ఇంట్లో ఆసరా ఉన్నవాడు ఎలాంటి బడిలోనైనా గట్టెక్కుతాడు, లేనివాడికి బడే దిక్కు అన్నది దాని సారాంశం గనుక, సంజాయిషీగా చదివి వినిపించిన ఆ శాతాలన్నీ నిజానికి బడికి అప్పజెప్పిన పని జాబితా.

బడికీ బడికీ మధ్య పోలికల తీరు మరింత శాస్త్రీయం. రెండు తెలుగు రాష్ట్రాల గురుకులాలు ఐదో తరగతికి, నవోదయ ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష పెట్టి కొందరిని తీసుకుపోతాయి. ఫీజు కట్టగల ఇళ్ల పిల్లలు ఊరి మొదట్లో ఆగే పసుపు బస్సు ఎక్కుతారు. మిగిలినవారిలో ఎవరినీ కాదనకుండా చేర్చుకున్న బడిని, ఆ ఏరుకున్న బడుల పక్కన నిలబెట్టి మార్కులు పోల్చడం, మీగడ తీసిన పాలు చూపించి గేదెను తిట్టడంతో సమానం.

బోధించేవారి విషయంలో చట్టం ఎంతో ఉదారంగా ఉంది. ప్రాథమికోన్నత దశలో గణితం, సైన్సుకు, సాంఘికానికి, భాషలకు కనీసం ఒక్కొక్కరు, 35 మందికి ఒక టీచరు ఉండాలని విద్యాహక్కు చట్టం అనుబంధం నిర్దేశించగా, జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ టీచరును వాడరాదని 27వ సెక్షన్ నిషేధించింది. ఈ మూడింటిలో దేని కిందికీ రాని మరుగుదొడ్డి ఫొటోను ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు కొంతకాలం యాప్‌లోకి ఎక్కించవలసి వచ్చింది. బడి పేరుకూ నిలకడ లేదు. అదే రాష్ట్రంలో 2022లో బడులు ఆరు రకాలై, ప్రాథమికోన్నత బడి ప్రీ హైస్కూలుగా మారి, 2025 నాటికి రకాలు తొమ్మిదయ్యాయి. ఏ ప్రభుత్వం వచ్చినా బోర్డు రాసే పెయింటరుకు పని కరువు లేదు.

ఇన్ని గడులున్న పట్టికలో లోపించిన గడి ఒక్కటే. ప్రభుత్వ ఖజానా నుంచి జీతం తీసుకునేవారు, ప్రజాప్రతినిధులు, న్యాయవ్యవస్థలోనివారు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చదివించేలా చూడాలని 2015 ఆగస్టు 18న అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రధాన కార్యదర్శిని ఆదేశించింది. ఆ ఆదేశం కాగితం దాటి రాలేదు. కనుక యూడైస్ పత్రంలో విద్యార్థి బరువు పక్కనే ‘ఈ ఫలితాలను సమీక్షించే అధికారి సంతానం చదివే బడి’ అనే గడిని చేర్చడం విద్యాప్రమాణాలకు మేలు చేయవచ్చు. తప్పనిసరి అని సూచించే ఎర్ర నక్షత్రం ఆ ఒక్క గడికి మాత్రం ఉండదు.