మూడుసార్లు తల తిప్పేది నేనే

రామచంద్రపురంలో నా బంధువులెవరూ ఈమధ్య నన్ను ‘ఎప్పుడొచ్చావురా, బావున్నావా’ అని పలకరించడం లేదు. నేను గుమ్మంలో కనపడగానే కళ్లు ఇంతింత చేసుకుని, మెడ విసురుగా నావైపు తిప్పుతున్నారు. ఒక్కసారి తిప్పితే చాలదుట. మూడుసార్లు. ‘ధడేల్, ధడేల్, ధడేల్’ అని ఉరుము కూడా నోటితో వాళ్లే వేసుకుంటున్నారు. మొన్న పెళ్లిలో బంతి మీద కూర్చున్న మా బాబాయి, పనసపొట్టు కూర వడ్డించే కుర్రాడి వైపు అలా మూడుసార్లు తిప్పి, నావైపు చూసి కన్నుకొట్టాడు. డెబ్బై దాటిన మనిషి, మెడకి పట్టీ వేసుకు తిరగమని డాక్టరు చెప్పిన మనిషి. పక్కన పెళ్లికొడుకు మేనత్తగారు, ‘సీరియళ్లలో అది చేసేది ఈ అబ్బాయేనా అండీ?’ అని అడిగారు. ‘ఆయ్, ఈడేనండి’ అంది మా పిన్ని. ఆ గొంతులో ఉన్నది గర్వమో క్షమాపణో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అవునండి, నేనే. హైదరాబాద్ కృష్ణానగర్‌లో కిటికీ లేని ఒక గదిలో కూర్చుని, సెట్లో ఒక్కసారే తల తిప్పిన అమ్మాయి చేత మూడుసార్లు తిప్పించేది నేనే. ఆ సంగతి ఆవిడకే తెలియదు. ఆ టైముకి ఆవిడ బెంగళూరు బస్సులో నిద్రపోతూ ఉంటుంది. అయితే ఎందుకు తిప్పిస్తానో ఒక్కరూ అడగరు. అడిగితే చెబుదామని లెక్కలు కట్టుకుని కూర్చున్నాను. అడక్కపోయినా చెబుతాను.

అరగంట సీరియల్ అంటారు గానీ, అరగంట ఎక్కడిది? ప్రకటనలు గంటకి 12 నిమిషాలు మించకూడదని కేబుల్ టీవీ నిబంధన. ఆ ‘మించకూడదు’ని మనవాళ్లు ‘తగ్గకూడదు’ అని చదువుకుంటారు. అదీ ఇదీ పోను మేము నింపాల్సింది 22 నిమిషాలు. మన టీవీ సెకనుకి 25 ఫ్రేముల లెక్కన నడుస్తుంది కాబట్టి రోజుకి 33,000 బొమ్మలు. ఆదివారం సెలవు. బొమ్మలకే, నాకు కాదు. సెట్ నుంచి నాకొచ్చే సరుకు కోస్తే పదిహేడు నిమిషాలు తేలుతుంది. వాన పడింది, జనరేటర్ ఆగింది, అత్తగారి పాత్రధారిణికి వేరే సీరియల్లో కోడలి శ్రీమంతం ఉంది, సీను పేపరు మధ్యాహ్నం మూడింటికి వాట్సాప్‌లో వచ్చింది. కారణాలకేం, రోజుకొకటి. మిగతా ఐదు నిమిషాలు నేను ఎక్కడినుంచి తేవాలి?

అందుకే దేవుడు ముఖాలిచ్చాడు. ఉమ్మడి కుటుంబం హాల్లో నిలబడి ఉంటుంది, ఎనిమిదిమంది. హీరో వచ్చి ‘ఈ పెళ్లి జరగదు’ అంటాడు. ఒక్కో ముఖం మూడేసి సార్లు, సారికి రెండు సెకన్లు. నలభై ఎనిమిది సెకన్లు కళ్లముందే పోగయ్యాయి. పనిమనిషిని గుమ్మం దగ్గర నిలబెట్టి ఉంటే ఇంకో ఆరు. తెలుగు సీరియళ్లలో ఉమ్మడి కుటుంబం ఇంకా బతికుందంటే దానికి సంస్కృతి మీద ప్రేమ కారణం కాదు, నా టైమ్‌లైన్‌లో చిల్లు కారణం. ఇద్దరే ఉండే ఫ్లాట్లో కథ పెడితే నేను పన్నెండు సెకన్లకే దివాలా.

ఒకసారి నేనే తెగించి ఒక ఎపిసోడ్‌లో అందరి తలలూ ఒక్కసారే తిప్పించి పంపాను. నా మటుకు నాకు భలే ఉంది. మనుషులు మామూలుగా చూసుకుంటున్నట్టు ఉంది. ఛానల్ వాళ్ల దగ్గర్నుంచి అరగంటలో తిరిగొచ్చింది, పక్కన ఒకే మాట రాసి: ‘ఫీల్ లేదు.’

ఇక చప్పుళ్ల సంగతి. దుర్వార్త వినగానే ఎవరో ఒకరి చేతిలోంచి పళ్ళెం జారిపడాలి, అది మా శాస్త్రం. సెట్లో కింద పరుపు వేసి పళ్ళెం పడేస్తారు, అద్దెకు తెచ్చింది సొట్ట పోకూడదుగా. అందుకని అది ‘తప్’ మంటుంది. చప్పుడు మేము వెయ్యాలి. సౌండ్ లైబ్రరీలో దొరికే పళ్ళేలన్నీ విదేశీవి. పింగాణీవి పగులుతాయి, రేకువి ‘టక్’ మని ఊరుకుంటాయి. మన పళ్ళెం పడ్డం అలా ఉండదండి. పడి, లేచి, అంచు మీద నిలబడి, గిరగిరా తిరిగి, తిరుగుడు చిన్నదయ్యేకొద్దీ చప్పుడు జోరెక్కి, చివరికి ఝణఝణఝణ అంటూ చల్లబడుతుంది. ఎనిమిది ముఖాలు తిరిగేదాకా అది తిరుగుతూ ఉండాలి. ‘మీ ఊరు వెళ్తున్నారుగా గురూగారూ, ఒక మంచి పళ్ళెం పట్టుకురండి’ అని మా సౌండ్ కుర్రాడు చేతిలో చిన్న రికార్డర్ పెట్టాడు.

గౌతమీ ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికెళ్లి, కాఫీ తాగి, అమ్మని పళ్ళేలు అడిగాను. ఎన్ని కావాలి అంది, చుట్టాలొస్తున్నారనుకుని. పడేసి చూడాలని చెప్పేసరికి అమ్మ ముఖం చూడాలి. ఆ రియాక్షన్ ఉంటే నాకు ఒక వారం గడిచిపోయేది. ‘అన్నం తినే కంచాలు నేలకేసి కొడితే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందట్రా?’ అంది. కంచాలు వద్దు, వేరేవి ఇమ్మన్నాను. స్టీలు పళ్ళెం తేలిక, రెండు చుట్లకే కూలబడింది. కంచుది బాగా మోగుతుంది గానీ తిరగదు. పడ్డచోటే కూర్చుని గుడిగంటలా ఉపన్యాసం మొదలెడుతుంది. ఇక మిగిలింది అటక మీద ఇత్తడి తాంబాళం. మా అమ్మమ్మ సారెలో పెట్టింది. దాన్ని దింపడానికి ఒప్పించడం ఒక ఎత్తు, చోటు వెతకడం ఒక ఎత్తు. ముందుగది మొజాయిక్ మీద చప్పుడు పలచగా వచ్చింది. వంటింటి గచ్చు మీద మొద్దుబారింది. వెనక వసారాలో నాపరాళ్ల మీద పడేస్తే, ఆహా, అది చప్పుడు కాదు, సంగీతం. ఫ్యాను ఆపించాను, పంపు మోటారు ఆపించాను, కుక్కర్ దింపించాను. వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు వెళ్లేదాకా ఆగాను. ఇంట్లో అందర్నీ ఊపిరి బిగబట్టమని తాంబాళం వదులుతున్నాను. గోడ అవతలి నుంచి పక్కింటావిడ గొంతు: ‘ఏమైందండీ వదినగారూ? పొద్దున్నుంచి పళ్ళేలు ఎగురుతున్నాయి, అంతా కులాసాయేనా?’ అమ్మ నిమ్మళంగా, ‘ఏం లేదండీ, మా వాడు ఆఫీసు పని చేసుకుంటున్నాడు’ అంది.

అన్నిటికన్నా బాగా వచ్చిన దాని తోకలో ఒక కాకి పడింది. పెరట్లో కొబ్బరిచెట్టు మీదిది. ఝణఝణ చల్లారుతుండగా దూరంగా ‘కావ్’ అంది. కోద్దామంటే పళ్ళెం చప్పుడూ కాకి అరుపూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మాక్కావాల్సిన తోక అదే. అలాగే ఉంచేశాం. కాబట్టి మీరు ఎప్పుడైనా రాత్రి పన్నెండింటి సీనులో, ఏసీ బిగించిన పాలరాతి బంగళాలో పళ్ళెం పడ్డప్పుడు చెవి దగ్గరగా పెట్టి వినండి, చివర్లో రామచంద్రపురం కాకి పలుకుతుంది. ఛానల్ వాళ్లు ప్రతి ఎపిసోడ్‌నీ జల్లెడ పట్టి లోపాలు రాసి పంపుతారు. హీరో చొక్కా గుండీ కనిపెడతారు, కాకిని మాత్రం ఇంతవరకూ పట్టలేదు. ఆ పళ్ళెం ఇప్పుడు మా సీరియల్లోనే కాదు, అడిగిన స్నేహితులందరి సీరియళ్లలోనూ పడుతోంది. ఒకటి తమిళంలోకి కూడా వెళ్లింది. అక్కడ కూడా డబ్బింగ్ అక్కర్లేని ఆర్టిస్టు అదొక్కటే. హీరోయిన్ ఒక రాష్ట్రం, ఆమె గొంతు ఇంకో మనిషిది, కన్నీళ్లు గ్లిజరిన్‌వి. పళ్ళెం ఒక్కటే స్వయంగా పడింది.

అమ్మకి మాత్రం తెలుసు. రాత్రి ఏడున్నరకి ఇరుగుపొరుగు అమ్మలక్కలతో టీవీ ముందు కూర్చుంటుంది. పళ్ళెం పడగానే చెయ్యెత్తి అందర్నీ ఆపి, ‘మాదే’ అంటుంది. ‘మీ అబ్బాయి టీవీలో ఉన్నాడంటారు, కనపడడేం?’ అని ఎవరైనా అంటే, ‘వాడు కనపడడు, మా తాంబాళం వినపడుతుంది’ అంటుంది. ‘తాంబాళానికేమైనా ఇస్తారా?’ అని నన్ను ఒకసారి గుట్టుగా అడిగింది కూడా. నాకే మూడు నెలలుగా ఎపిసోడ్ల డబ్బు బాకీ ఉందని అమ్మతో ఎలా చెప్పను?

హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ అని ఒకాయన ఉండేవాడు. 1920ల చివర్లో సినిమాకి మాటలొచ్చినప్పుడు, తెర ముందు నిలబడి బొమ్మకి తగ్గట్టు అడుగులు వేస్తూ, బట్టలు రెపరెపలాడిస్తూ చప్పుళ్లు చేసినవాడు. ఇవాళ ప్రపంచమంతా ఆ పనిని ఫోలీ అనే పిలుస్తుంది. బతికుండగా ఆయన పేరు ఒక్క సినిమా తెర మీదా పడలేదంటారు. మా పేర్లు పడతాయి, ఆ మాత్రం న్యాయం జరిగింది. అడుగున సన్నటి పట్టీలో, తరువాతి సీరియల్ ప్రోమో పైన గంతులేస్తుండగా, రైలు కిటికీలోంచి చూసిన స్టేషన్ బోర్డులా సర్రున వెళ్తాయి. మా చిన్నాన్న కొడుకు ఫోన్లో వీడియో తీసి, ఆపి, పెద్దది చేసి చూపించాడు. నా ఇంటిపేరు దొరికింది. మిగతా సగం మీద డిటర్జెంట్ సబ్బు ఉంది.

మా ఊరికి సినిమా తెలియదని కాదు. షూటింగు చూడని ఇల్లు మావైపు ఉండదు. రామచంద్రపురం కోటలో ఎవరు ఏ మెట్టు మీద నిలబడి ఏ డైలాగు చెప్పారో మా బాబాయి తేదీలతో సహా చెబుతాడు. పక్కనే పసలపూడి, ఆ ఊరి దర్శకుడు వంశీ అంటే అందరికీ సొంత మేనల్లుడు. ఆయన తీసిన ‘సితార’ సంగతెత్తితే ఊరు ఊరంతా గోదారి అందం పాట గురించి, జానకమ్మ గొంతు గురించి ఊగిపోతుంది. ఆ 1984 సినిమాకి జాతీయ అవార్డు జానకమ్మకి వచ్చినట్టే ఎడిటింగ్‌కి అనిల్ మల్నాడ్‌కి కూడా వచ్చిందయ్యా అంటే, ‘ఆయన ఎవరు? ఏ వేషం వేశాడు?’ అన్నాడు బాబాయి. మాకు ఎడిటింగ్ అంటే తెలిసిందల్లా 2022లో జరిగింది: ఏప్రిల్లో పొద్దున్నే లేచేసరికి మా ఊరు తూర్పుగోదావరిలోంచి కట్టయి కోనసీమ జిల్లాలో అతుక్కుని ఉంది. అది కూడా ఎవరు చేశారో పేరు పడలేదు.

నా ఉద్యోగంలో ఒక సుఖం ఉంది, బయటివాళ్లకి తెలియనిది. ‘యాక్షన్’ అనకముందు, ‘కట్’ అన్నాక కెమెరా ఇంకా కాసేపు తిరుగుతూ ఉంటుంది. ఆ ముక్కలు చూసేది నేనొక్కణ్నే. గుండెలు బాదుకుని ఏడ్చిన కోడలు ‘కట్’ వినగానే ‘ఇవాళ పప్పులో ఉప్పెక్కువైందండీ’ అంటుంది. విలన్ అత్తగారు ఫోన్లో పిల్లాడికి ఎక్కాలు ఒప్పచెప్పించుకుంటుంది. వాటన్నిటినీ కోసి పారెయ్యడమే నా పని.

మా సీరియల్లో తాతగారి వేషం వేసిన పెద్దాయన ఒకరుండేవారు. మా గోదావరి జిల్లాల్లో పద్యనాటకాలాడి, వయసైపోయాక టీవీకి వచ్చినవారు. కిందటి వానాకాలంలో పోయారు. కథలో ముందు ఆయన్ని కాశీ పంపించారు, తరువాత ఫొటోకి దండ వేశారు. కాశీ పంపేలోగా రెండు వారాలు మాత్రం ఆయన హాల్లో ఓ మూల కూర్చునే ఉన్నారు. పాత రియాక్షన్లు దాచుకున్న ‘బ్యాంకు’లోంచి తీసి నేనే కూర్చోబెట్టాను. తల తిప్పారు, తల ఊపారు, ఒక నిశ్చితార్థానికి అక్షింతలు కూడా వేశారు. ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన కొడుకు నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. ‘నాన్నగారు వేషంలో కాకుండా, మామూలుగా మాట్లాడింది ఏమైనా ఉంటుందా అండీ?’ అన్నాడు. ఉండాల్సింది. కానీ ప్రసారమైన రెండు నెలలకి డ్రైవులు చెరిపి మళ్లీ వాడతాం. బీబీసీ అంతటివాళ్లే ఒకప్పుడు టేపులు చెరిపి మళ్లీ వాడుకున్నారు, మేమెంత? ఆయన రోజూ ‘యాక్షన్’కి ముందు పద్యం కూనిరాగం తీసేవారు. అదంతా కోసింది నా చెయ్యే, చెరిపింది నా చెయ్యే. బ్యాంకంతా గాలిస్తే చప్పుడు లేని తల తిప్పుళ్లు తప్ప ఏమీ లేవు. ఒకదాని మొదట్లో మాత్రం కొయ్యడం మరిచిపోయిన నాలుగు సెకన్లు దొరికాయి. కెమెరా వెనక ఎవరో టీ ఇస్తున్నట్టున్నారు, చెయ్యి చాపి, బోసినోటితో నవ్వుతున్నారు. పళ్లసెట్టు ఇంకా పెట్టుకోలేదు. అది పంపించాను.

మర్నాడు కొడుకు మళ్లీ ఫోన్ చేశాడు. ‘మా అమ్మ అడుగుతోందండీ, అది ఇంకొంచెం సాగదీయడానికి వీలవుతుందా?’

సాగదీయడం నాకు చేతకాని విద్యా? స్లోమోషన్లో పెట్టి ఎనిమిది సెకన్లు చేశాను. నవ్వు నెమ్మదిస్తే ఏడుపులా కనపడుతుంది, ఇన్నేళ్ల సర్వీసులో ఆ సంగతి అప్పుడే గమనించాను. పంపలేదు. మొదటి దాన్నే ఉంచుకోమని, ఫోన్లో అది అయిపోగానే మళ్లీ దానంతటదే మొదలయ్యేలా ఎక్కడ నొక్కాలో వాళ్ల మనవడికి చెప్పాను. వాడు తొమ్మిదో క్లాసు, చెప్పకముందే నొక్కేశాడు.