మీరు మా సంస్థనే ఎందుకు ఎంచుకున్నారు?

లండన్ పెద్ద లా ఫర్మ్‌ల దరఖాస్తుల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది: "మీరు మా సంస్థనే ఎందుకు ఎంచుకున్నారు? 250 పదాలకు మించకుండా రాయండి." జవాబు అడిగేవాళ్ళకీ తెలుసు, రాసేవాళ్ళకీ తెలుసు. అక్కడ 'మ్యాజిక్ సర్కిల్' అని పేరుపడ్డ సంస్థలు 5 ఉన్నాయి. శిక్షణ ముగించుకుని సొలిసిటర్ అయిన మొదటిరోజు నుంచి వాటిలో ఇచ్చే జీతం 2024లో ఏడాదికి 1,50,000 పౌండ్ల స్థాయికి చేరింది. మన రూపాయల్లో కోటిన్నర పైమాటే. జవాబు అదీ. ఒక్క ముక్కలో అయిపోతుంది. కానీ ఆ ఒక్క ముక్క తప్ప ఇంకేమైనా రాయొచ్చు.

కాబట్టి అందరం ప్రేమ గురించి రాస్తాం. ఖండాంతర లావాదేవీల్లో మీ సంస్థ చూపిన నేర్పు చూసి ముగ్ధురాలినయ్యానని నేను రాశాను. ఆ లావాదేవీ ఏమిటయ్యా అంటే, ఎక్కడిదో ఒక గనుల కంపెనీ ఇంకెక్కడిదో ఒక గనుల కంపెనీని కొనుక్కోవడం. నరసరావుపేటలో పుట్టి గుంటూరులో బి.టెక్ చదివిన పిల్లకి పరాయి దేశపు గనుల మీద అంత మమకారం ఎలా పుట్టిందో ఏ సంస్థా ఆరా తీయలేదు. పైగా ఇది ఒక్కరితో అయ్యే ప్రేమా? పొద్దున ఒక సంస్థని చూసి ముగ్ధురాలినైతే, మధ్యాహ్నం దాని పక్క వీధిలో ఉన్న పోటీ సంస్థని చూసి ఇంకాస్త ఎక్కువ ముగ్ధురాలినవ్వాలి. యూనివర్సిటీకి ప్రచారానికి వచ్చిన ప్రతి సంస్థనీ "మీ ప్రత్యేకత ఏమిటండీ?" అని అడిగి చూశాను. "మా మనుషులు" అన్నారు అందరూ. ఒకే మాట, ఒకే నవ్వు, చేతిలో ఒకే రకం గుడ్డసంచి.

మా నాన్న నరసరావుపేటలో ప్లీడరు. "లా చదవాలనుకున్నదానివి బి.టెక్ ఎందుకు చదివావమ్మా?" అని ఆయన చాలాకాలం అడిగారు. మన వైపు ముందు బి.టెక్ చదివేసి, ఏం చదవాలో తర్వాత ఆలోచిస్తారు కదా. ఇంగ్లండులో దీనికి అభ్యంతరం లేదు. 2021 సెప్టెంబరులో మొదలైన కొత్త పద్ధతిలో ఏ డిగ్రీ ఉన్నా సరే, ఎస్‌క్యూఈ అనే రెండు భాగాల పరీక్ష గట్టెక్కి, 2 ఏళ్ళ పని అనుభవం చూపించి, నడవడిక మంచిదేననిపించుకుంటే సొలిసిటర్ కావచ్చు. మొదటి భాగం మొత్తం బిట్లే, 360 బిట్లు. ఎంసెట్ చూసినవాళ్ళం, బిట్లకు భయపడతామా? భయమల్లా ఫీజుకే. రెండు భాగాలకీ కలిపి 5,000 పౌండ్లకు కాస్త అటూ ఇటూ. పెద్ద సంస్థలో 'ట్రైనింగ్ కాంట్రాక్ట్' దొరికితే ఆ ఫీజూ వాళ్ళదే, కోచింగూ వాళ్ళదే, చదువుకునే రోజుల్లో ఇంటి ఖర్చుకి కొంత సొమ్మూ వాళ్ళదే. ఆ తర్వాత 2 ఏళ్ళు జీతమిచ్చి, 6 నెలలకొక విభాగం చొప్పున 4 విభాగాల్లో తిప్పి పని నేర్పుతారు. ఇక జనం ఎగబడరా మరి!

ఇందులో నాన్నకి అస్సలు మింగుడుపడనిది ఒకటుంది. ఈ సంస్థలు చేరే తేదీకి సుమారు 2 ఏళ్ళ ముందే మనుషుల్ని ఎంచుకుంటాయి. "ఎప్పుడో రెండేళ్ళ తర్వాత చేరే ఉద్యోగానికి ఇప్పుడేందమ్మా తొందర?" అన్నారు ఫోన్‌లో. "అప్పటికి ఖాళీలుండవు నాన్నా" అన్నాను. "అసలు ఆ కంపెనీ ఉంటుందా?" అన్నారు. ఆయన ప్లీడరు బుద్ధి!

ఆయన జూనియర్‌గా చేరిన తీరు వేరు. తాతయ్య ఆయన్ని వెంటబెట్టుకుని ఊళ్ళో పేరున్న ఒక సీనియరు గారింటికి వెళ్ళాడు. ఆయన పడక్కుర్చీలోంచి లేవకుండానే "ఎవరబ్బాయివి?" అన్నాడు. చెప్పారు. "చేతిరాత బాగుంటుందా?" అన్నాడు. ఉంటుందన్నారు. "అయితే రేపట్నుంచి రా." అంతే ఇంటర్వ్యూ. జీతం ప్రస్తావన ఆ రోజూ రాలేదు, ఆ తర్వాత చాలాకాలం పాటూ రాలేదు.

ఇంగ్లండులోనూ ఒకప్పటి కథ ఇంతకంటే గొప్పదేం కాదు. సొలిసిటర్ దగ్గర పని నేర్చుకోవాలంటే కుర్రాడి తండ్రే ఎదురు డబ్బు కట్టి, ఒప్పందం రాయించుకుని, కొడుకుని ఏళ్ళ తరబడి అప్పగించాల్సి వచ్చేది. డికెన్స్ నవలలో డేవిడ్ కాపర్‌ఫీల్డ్‌ని లా ఆఫీసులో చేర్చడానికి వాళ్ళ మామ్మ అక్షరాలా 1,000 పౌండ్లు కట్టింది. డికెన్స్‌కి ఇవన్నీ ఒకరు చెప్తే తెలిసినవి కావు, 1827లో పదిహేనేళ్ళ వయసులో గ్రేస్ ఇన్‌లోని ఒక లా ఆఫీసులో గుమాస్తాగా కూర్చున్నవాడు. అంటే ఆ రోజుల్లో డబ్బు అడిగేవాళ్ళు, ఈ రోజుల్లో ప్రేమ అడుగుతున్నారు. డబ్బయితే అప్పయినా పుడుతుంది.

"ఎవరబ్బాయివి?" అన్న ప్రశ్న మాత్రం పోలేదు. కాస్త మర్యాద నేర్చుకుని దరఖాస్తు చివరికి వచ్చి కూర్చుంది: "మీకు సుమారు పద్నాలుగేళ్ళప్పుడు మీ ఇంట్లో ఎక్కువ సంపాదించే వ్యక్తి ఏం చేసేవారు?" ఇది కలవారి పిల్లలకి తలుపు తీయడానికి కాదు, లేనివారి పిల్లలు వెనకబడకుండా చూడటానికట. మంచిదే. నాకు మాత్రం పెద్ద చిక్కొచ్చిపడింది. నాన్న ప్లీడరని రాస్తే, తరతరాలుగా న్యాయవాద వృత్తిలో పండిన కుటుంబమనుకుంటారు. మా నాన్నకి ఫీజు కింద ఒక సంక్రాంతికి రెండు బస్తాల కందులు ముట్టాయన్న సంగతి రాయడానికి ఆ ఫారంలో చోటేదీ?

ఈ ఫారాల్ని నేనెంత తిట్టుకున్నా ఒక్క మాట ఒప్పుకోవాలి. 1913లో గ్వినెత్ బెబ్ అనే అమ్మాయి, సొలిసిటర్ పరీక్షకు తనను కూర్చోనివ్వలేదని ఇంగ్లండులో లా సొసైటీ మీద కోర్టుకెళ్ళింది. చట్టంలో 'వ్యక్తి' అని ఉంది, స్త్రీ ఆ మాట కిందకి రాదని అప్పీలు కోర్టు సైతం తేల్చేసింది. చట్టం మారి, అక్కడ తొలి మహిళా సొలిసిటర్ పేరు నమోదయ్యేసరికి 1922 అయింది. కాబట్టి ఇవాళ నన్ను తోసిపుచ్చినవాళ్ళందరూ నన్ను వ్యక్తిగా గుర్తించే తోసిపుచ్చారు. ఆ తృప్తి ఉంది.

ఫారం గడిచిందా, తర్వాత వాట్సన్ గ్లేజర్ అనే పరీక్ష. 30 నిమిషాలు, 40 ప్రశ్నలు. చట్టం ఒక్క ముక్క అడగరు, తర్కం అడుగుతారు. నాలుగు ముక్కలు చెప్పి, దాన్నుంచి తేల్చిన మాట నిజమా, బహుశా నిజమా, సమాచారం చాలదా, బహుశా అబద్ధమా, అబద్ధమా చెప్పమంటారు. తెలుగింట పెరిగినవాళ్ళకి ఇది శాపం. సుబ్బారావు ఇంటి ముందు రాత్రి పదింటికి ఆటో ఆగింది, ఇద్దరు దిగారు అనుకోండి. సుబ్బారావు కూతురికి సంబంధం కుదిరిందా? మా పక్కింటి పిన్నిగారైతే కుదిరిందనడమే కాదు, కట్నం ఎంతో కూడా చెప్పగలదు. వాట్సన్ గ్లేజర్ వారి లెక్కలో 'సమాచారం చాలదు'. సమాచారం చాలదన్న మాట మా వీధిలో ఎవరి నోటా నేను విని ఎరగను. అలవాటు చేసుకోవడానికి చాలా ప్రాక్టీసు చేయాల్సొచ్చింది.

ఆ పైన వీడియో ఇంటర్వ్యూ. అటు పక్క మనిషి ఉండడు. తెర మీద ప్రశ్న వస్తుంది, ఆలోచించుకోవడానికి కొన్ని సెకన్లు, ఆ తర్వాత మన మొహం మనకే చూపిస్తూ రికార్డింగ్ మొదలవుతుంది. నవ్వుతూ చెప్పాలట. ఎవర్ని చూసి నవ్వాలి? నాతోపాటు ఉండే అమ్మాయి వంటింట్లో పప్పు పెట్టింది. ఒత్తిడిలో ప్రశాంతంగా పనిచేసిన సందర్భం చెప్పమన్న ప్రశ్నకి నేను నోరు తెరవడం, కుక్కర్ విజిల్ వేయడం ఒక్కసారే జరిగాయి. నేను ఆపలేదు, కుక్కరూ ఆపలేదు. ఆ రౌండ్ దాటాను. ఆ ప్రశ్నకి అంతకంటే మంచి సాక్ష్యం ఎవరు తేగలరు?

అసలు గండం అసెస్‌మెంట్ సెంటర్. ఇది రోజంతా సాగే అష్టావధానం, కాకపోతే అవధాని చేతిలో కాఫీ కప్పు ఉంటుంది. ముక్కూమొహం తెలియని ఆరుగురితో కూర్చోబెట్టి ఒక సమస్య ఇస్తారు. అందర్నీ మించిపోవాలి, ఎవర్నీ తొక్కేసినట్టు కనబడకూడదు. "ఆవిడ చెప్పినది చాలా బాగుంది, దానికి నేను చిన్నగా ఒకటి జోడిస్తాను" అని ఏడుగురం ఒకరికొకరు జోడించుకుంటూ పోతాం, తేలేది మాత్రం ఏమీ ఉండదు. తర్వాత ఒక ఒప్పందంలో తప్పులు వెతకాలి. ఆ పని సగంలో ఉండగా కంప్యూటర్లో ఈమెయిళ్ళు వచ్చిపడుతుంటాయి: క్లయింటు అలిగాడు, ఇంకో పార్ట్‌నర్‌కి ఇంకేదో అర్జెంటు, ఆఫీసు పార్టీకి ఏం తింటారో చెప్పండి. ఈ చివరి రకం అచ్చంగా అప్రస్తుత ప్రసంగం. మన అవధానుల్లా చమత్కారంగా బదులిస్తే మార్కులు మాత్రం పడవు. మధ్యలో భోజనం. "ఇక్కడ మిమ్మల్ని ఎవరూ పరీక్షించడం లేదు, హాయిగా తినండి" అన్నారు. ఆ మాట వినగానే మా బల్ల దగ్గర ఏడుగురమూ ఫోర్కులు సర్దుకుని నిటారుగా కూర్చున్నాం.

చివర్న పార్ట్‌నర్‌తో ఇంటర్వ్యూ. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు చివర. 'కమర్షియల్ అవేర్‌నెస్' గురించి అడిగింది, అంటే వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసా అని. దీనికోసం అందరం ఫైనాన్షియల్ టైమ్స్ చదివి, వడ్డీ రేట్లు వల్లెవేసుకుని వెళ్తాం. నేనూ వేసుకునే వెళ్ళాను. కానీ ఆవిడ మొహం చూస్తే పొద్దుట్నుంచీ ఆ వడ్డీ రేట్లే విని విసిగినట్టుంది. అందుకని మా తాతయ్య మిర్చి సంగతి ఎత్తుకున్నాను.

కోతలప్పుడు గుంటూరు యార్డుకి సరుకు ముంచెత్తుతుంది, ధర పడిపోతుంది. తాతయ్య అమ్మడు. టిక్కీలన్నీ కోల్డ్ స్టోరేజీలో పెట్టిస్తాడు, వాళ్ళు బాండు రాసిస్తారు, ఆ బాండు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుని తర్వాతి పంటకి పెట్టుబడి పెడతాడు. ధర పెరిగితే అమ్మి అప్పు తీరుస్తాడు, పెరగకపోతే బీపీ మాత్ర వేసుకుంటాడు. ఆవిడ కళ్ళజోడు పైకి జరుపుకుంది. "స్టోరేజీ తగలబడితే?" అంది. "సరుకు తాతయ్యది, కాగితం బ్యాంకుది, బిల్డింగు ఇంకొకరిదండి" అన్నాను. "బీమా ఎవరి పేర ఉంటుంది?" అంది. "గొడవంతా అక్కడే మొదలవుతుంది" అన్నాను. అరగంట ఇంటర్వ్యూ ముప్పావుగంట అయింది. సరుకు కాలిపోతే ధర ఏ రోజుది కట్టాలి, పెట్టిన రోజుదా, కాలిన రోజుదా అని ఆవిడా నేనూ వాదించుకున్నాం. ఆ సీజను మొత్తం మీద చట్టం గురించి నాతో మాట్లాడిన ఏకైక మనిషి ఆవిడే. ఆవిడ నన్ను తమ సంస్థనే ఎందుకు ఎంచుకున్నానని అడగలేదు.

వారం తిరక్కుండా ఈమెయిల్ వచ్చింది. ఈ ఏడాది అభ్యర్థుల స్థాయి అసాధారణంగా ఉందట, చింతిస్తున్నారట. ఈ అసాధారణం ప్రతి ఏడాదీ ఉంటుందని నాకంటే ముందు రెండుసార్లు ప్రయత్నించిన సీనియర్లు ఓదార్చారు. నాన్నకి చెప్తే కాసేపు ఆలోచించి, "అంతసేపు మిర్చి కేసు గురించి మాట్లాడించుకున్నారు కదా, కన్సల్టేషన్ ఫీజు అడక్కపోయావా?" అన్నారు.

కొత్త పద్ధతిలో మేలు ఒకటుంది. ఆ 2 ఏళ్ళ అనుభవం పెద్ద సంస్థలోనే సంపాదించాలని లేదు, 4 చోట్ల దాకా చేసిన పనిని కలిపి చూపించుకోవచ్చు, సొలిసిటర్ సంతకం పెడితే పారాలీగల్ పనీ లెక్కలోకొస్తుంది. ఇది తెలిసి ఈస్ట్ హామ్‌లో ఒక చిన్న ఆఫీసుకి వెళ్ళాను. కింద కిరాణా కొట్టు, పైన లా ఆఫీసు. మా బాస్ రెండే అడిగాడు: సోమవారం చేరతావా, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తీయడం వచ్చా? బి.టెక్ అని చెప్పాను. చదువు మీద పెట్టిన ఖర్చు ఆ క్షణాన కొంత గిట్టుబాటయింది. జీతం సంగతి మాత్రం మొదట చెప్పిన అంకెతో కలిపి చదువుకోకండి.

మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా ఇళ్ళ అమ్మకాలు, కొనుగోళ్ళు, వీసాలు. ఎస్‌క్యూఈ మొదటి భాగం అయింది, రెండోదానికి రాత్రిళ్ళు చదువుతున్నాను. ఈస్ట్ హామ్ వైపు ఇల్లు కొనే ఆలోచన ఉన్న తెలుగువాళ్ళెవరైనా ఉంటే రండి, మీ కాగితాలు ముందుగా చూసేది నేనే. సంతకం పెట్టేది మా బాస్. ఫీజులో తగ్గింపు కావాలంటే ఆయన్నే అడగండి, నేను అడిగితే నా జీతంలో తగ్గిస్తాడు.