వేడి చేసింది, మజ్జిగ తాగు

మా పెద్దమ్మ ఎవరింటికి శుభకార్యానికి వెళ్లినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకునేది. మనవరాలి పెళ్లిలో తలంబ్రాల వేళకే రెండుసార్లు లేచి వెళ్లింది. అప్పటికి ఆమెకు 63 ఏళ్లు, ముట్లు ఆగి పదిహేనేళ్లు దాటింది. "కింద నిప్పులు పోసినట్టుందే" అని నా చెవిలో చెప్పింది. "వేడి చేసుంటుంది పెద్దమ్మా, మజ్జిగ తాగు" అన్నాను. ఈ వయసు ఆడవాళ్లకు ప్రేమతోనే అందే తప్పుడు సలహాల్లో ఇదే మొదటిది. ఆ రోజు దాన్ని ఇచ్చింది నేనే.

మూత్రంలో మంట అనగానే మన ఇళ్లలో సబ్జా గింజలు నానబెడతారు, బార్లీ కాస్తారు, కొబ్బరి బొండాం కొట్టిస్తారు. తాగితే నష్టమేం లేదు. కానీ ముట్లు ఆగాక వచ్చే ఈ మంట ఒంటి వేడి వల్ల వచ్చేది కాదు. యోని లోపలి పొర, మూత్రనాళం, మూత్రాశయం అడుగు భాగం ఈస్ట్రోజెన్ అందితేనే ఆరోగ్యంగా ఉంటాయి. అండాశయాలు ఆ హార్మోన్ తయారీ ఆపేశాక పొర పలచబడుతుంది, తడి ఆరిపోతుంది, చిన్న రాపిడికే చిట్లుతుంది. పొరలో గ్లైకోజెన్ తగ్గేసరికి దాని మీద బతికే లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా కూడా తగ్గిపోతుంది. మామూలుగా 4.5 దాటని పీహెచ్ అప్పుడు 5 దాటుతుంది. పేగుల నుంచి వచ్చే ఈ.కోలైకి అదే అదును. మంట, దురద, కలయికలో నొప్పి, మూత్రం ఆపుకోలేకపోవడం, రాత్రి నాలుగుసార్లు లేవడం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్... వీటిని విడివిడి జబ్బులనుకుంటాం. వైద్యులు 2014లో వీటన్నిటికీ కలిపి జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్ అని పేరు పెట్టారు.

"వయసుతో వచ్చేదే, కొన్నాళ్లు ఓర్చుకో" అనేది రెండో సలహా. ఒంట్లోంచి ఆవిర్లు రావడం, చెమటలు పట్టడం చాలామందికి కొన్నేళ్లకు తగ్గుతాయి. ఇది అలా తగ్గదు. వైద్యం చేయించకపోతే ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది.

మా పెద్దమ్మ వీధి చివర మందుల షాపులో మూడు రోజుల యాంటీబయాటిక్ కొనుక్కునేది. మంట తగ్గేది, నెల తిరక్కుండా మళ్లీ వచ్చేది. ఒక్కసారి కూడా మూత్రం కల్చర్ పరీక్ష చేయించలేదు. ఇన్ఫెక్షన్ లేని పొడి మంటకు యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? ఇన్ఫెక్షన్ ఉన్నా, దానికి దారి ఇచ్చిన పలచని పొర అలాగే ఉండిపోతుంది. ఇది తెలిసి ముప్పై ఏళ్లు దాటింది. ఇజ్రాయెల్‌లో రజ్, స్టామ్ అనే వైద్యులు 93 మంది మహిళలతో చేసిన అధ్యయనం 1993లో అచ్చయింది. యోనిలో ఎస్ట్రియాల్ క్రీమ్ వాడినవారికి ఏడాదికి సగటున 0.5 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, మందు లేని క్రీమ్ వాడినవారికి 5.9 సార్లు వచ్చింది. ఇంత పెద్ద తేడా చూపిన మందు పేరు మన అమ్మలకు ఎవరూ చెప్పలేదు.

"శుభ్రంగా కడుక్కో, నీళ్లలో యాంటీసెప్టిక్ కలుపు" అనేవాళ్లూ ఉన్నారు. అసలే పలచబడ్డ పొర మీద అది ఇంకా మండుతుంది. మామూలు నీళ్లు చాలు.

ఇక అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసిన సలహా: "హార్మోన్ మందా? కాన్సర్ వస్తుంది, ముట్టుకోకు." చివరికి గైనకాలజిస్టు ఎస్ట్రియాల్ క్రీమ్ రాస్తే, మా అన్నయ్య పెట్టెలోని కాగితం చదివి ట్యూబు అవతల పారేశాడు. తల్లి మీద ప్రేమే, కాదనను. ఆ భయానికి మూలం 2002లో అమెరికాలో వెలువడిన విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ఫలితాలు. ఆ పరీక్షలో మహిళలు మింగింది రోజువారీ హార్మోన్ మాత్రలు. హెచ్చరిక మాత్రం లోపల వాడే క్రీములకూ అంటించారు. 10 మైక్రోగ్రాముల యోని మాత్రను ఏడాది పొడవునా వాడితే మొత్తం చేరేది 1.14 మిల్లీగ్రాములు. అది కూడా చాలావరకు పెట్టిన చోటే పనిచేస్తుంది, రక్తంలో హార్మోన్ మోతాదు ముట్లు ఆగినవారి స్థాయిలోనే ఉంటుంది. బ్రిటన్‌లో 2022 నుంచి ఆ మాత్రను డాక్టరు చీటీ లేకుండా ఫార్మసీలో ఇస్తున్నారు. అమెరికా ఎఫ్‌డీఏ ఆ పెద్ద హెచ్చరికను తీసేయిస్తున్నట్టు 2025 నవంబరులో ప్రకటించింది.

అలాగని అందరూ తమంతట తామే కొనేసుకోమని కాదు. ముట్లు ఆగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా ముందు పరీక్ష జరగాలి. రొమ్ము కాన్సర్ వచ్చినవారు, ముఖ్యంగా లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడుతున్నవారు తమ కాన్సర్ డాక్టరును అడగాలి. వాళ్లకు హార్మోన్ లేని మాయిశ్చరైజర్లు ఉన్నాయి. తెల్లమచ్చలు, తగ్గని దురద ఉంటే డాక్టరు కళ్లతో చూడాల్సిందే, అది వేరే చర్మజబ్బు కావచ్చు. షుగరు ఉంటే ఫంగస్ సంగతి కూడా చూడాలి.

రెండో ట్యూబు నేనే కొనిచ్చాను. అప్లికేటర్ సూది లేని సిరంజిలా ఉంటుంది. గీత దాకా క్రీము నింపి, వెల్లకిలా పడుకుని, మోకాళ్లు ముడిచి లోపలికి పెట్టుకోవాలి. పైపైన పూసుకుంటే చాలదు. వాడాక గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగాలి. మొదటి రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లే. ఆ రెండు రోజులు ఎంచడానికి మాకు అరగంట పట్టింది. సోమవారం ఉపవాసం, మంగళ శుక్రవారాలు అమ్మవారివి, శనివారం వెంకన్నది. బుధ, ఆదివారాలు ఖాయం చేసి గోడ క్యాలెండర్‌లో పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను. నెల తిరిగేసరికి మంట తగ్గింది, మూడో నెలకు రాత్రి ఒక్కసారే లేస్తోంది. "తగ్గింది కదా, ఇంక ఆపెయ్" అని ఎవరో అన్నారు, ఆపేసింది. కొన్ని వారాలకే మంట మళ్లీ మొదలైంది. మందు ఆపితే పొర మళ్లీ పలచబడుతుంది కాబట్టి దీన్ని కొనసాగించాల్సిందే.

ఇది ముసలివాళ్ల సంగతి అనుకునే పడుచు ఆడవాళ్లూ వినాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ ఆ రోజే వచ్చేస్తుంది, ఉంచినా కొందరికి ముందుగానే వస్తుంది. ముప్పై అయిదేళ్ల కూలి తల్లి పొలంలో నిలబడి మంట ఓర్చుకుంటుంటే ఆమెకు కూడా మనం మజ్జిగే చెబుతున్నాం.

ఈ ఆదివారం మీ అమ్మనో అత్తగారినో పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: "కింద మంటగా ఉంటోందా? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు?" అవునంటే గైనకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. ఆమె సిగ్గుపడితే మీరే చెప్పండి: "ముట్లు ఆగాక మొదలైంది డాక్టరు గారూ, లోపల పెట్టుకునే ఈస్ట్రోజెన్ ఈమెకు పనికొస్తుందా చూడండి."