సూర్యుడు ఏ శాఖ కిందికి వస్తాడు?

గౌరవనీయులైన లోక్‌సభ స్పీకర్ గారికి,



ఈ ఉత్తరం నిజానికి మంత్రిగారికి రాయాలి. ఏ మంత్రిగారికి అన్న దగ్గరే పెన్ను ఆగింది. సూర్యుడు, గాలి ప్రహ్లాద్ జోషీ గారి శాఖలో ఉన్నాయి. ఆ కరెంటును మోసుకొచ్చే తీగలు మనోహర్ లాల్ గారి శాఖలో ఉన్నాయి. పొద్దు గూకాక దిక్కయ్యే బొగ్గు మా కిషన్ రెడ్డి గారి చేతిలో ఉంది. 2024 దాకా ఆ బొగ్గును చూసింది జోషీ గారే కాబట్టి, ఆయనకు రెండు వైపులా తెలిసే ఉంటుంది. ముగ్గురూ కూర్చునేది మీ ఎదుటే గనక విన్నపం మీకే పెట్టుకుంటున్నాను.

సభలో పునరుత్పాదక విద్యుత్తు గురించి ఎవరు ఏమడిగినా జవాబు గిగావాట్లలోనే వస్తుంది. 2015లో పెట్టుకున్న లక్ష్యం 2022 నాటికి 175 గిగావాట్లు. అందులో సౌరవిద్యుత్తు 100, పవన విద్యుత్తు 60. సౌరంలో 40 ఇళ్ల కప్పుల మీది నుంచే రావాలన్నారు. గడువు వచ్చేసరికి మొత్తం సుమారు 120 దగ్గర ఆగింది. కప్పుల మీద 10 కూడా దాటలేదు. ఆ 120 కూడా చిన్న పనేం కాదు, ఒప్పుకుంటాను. మన కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల పొలాల్లో వెయ్యి మెగావాట్ల పార్కు లేచింది ఆ ఊపులోనే. కానీ తక్కువ పడిందని సభలో ఎవరూ తలవంచుకున్నట్టు కనబడలేదు. ఎందుకంటే 2019 మార్చిలోనే ప్రభుత్వం పెద్ద జలవిద్యుత్తును కూడా పునరుత్పాదకం కింద చేర్చేసింది. దశాబ్దాలుగా తిరుగుతున్న శ్రీశైలం టర్బైన్లు ఒక ఉత్తర్వుతో హరితమయ్యాయి. వాటిని కలిపి చెబితే 120 కాస్తా 167 అవుతుంది.

తర్వాత గ్లాస్గో వాతావరణ సదస్సు. 2021 నవంబరులో ప్రధాని అక్కడ చెప్పిన మాట ప్రకారం 2030 నాటికి మన ఇంధన అవసరాల్లో సగం పునరుత్పాదకం నుంచే తీరాలి. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితికి రాతపూర్వకంగా ఇచ్చింది వేరు: స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం, అదీ శిలాజేతర ఇంధనాలతో. ఆ సగం 2025లోనే, గడువుకు ఐదేళ్ల ముందే దాటేశామని ప్రకటన వచ్చింది. అదే ఏడాది దేశంలో ఉత్పత్తయిన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గుదే. రెండూ నిజమే. ఏడాది మొత్తం మీద మెగావాట్ సౌర ప్లాంటు ఇచ్చే యూనిట్లు, అంతే సామర్థ్యమున్న బొగ్గు ప్లాంటు ఇచ్చేవాటిలో సుమారు మూడో వంతు మరి.

ఈ లెక్క నా కరెంటు బిల్లుకు కూడా అనుమతించాలని ప్రార్థన. బిల్లు కట్టే సామర్థ్యం నేను ఇప్పటికే స్థాపించాను. కట్టడమనేది నెలాఖరు వాతావరణాన్ని బట్టి ఉంటుంది. ఎప్పటినుంచో వస్తున్న మా నాన్న పెన్షన్‌ను కూడా కొత్త సామర్థ్యం కింద కలుపుకోనివ్వండి, శ్రీశైలాన్ని కలుపుకున్నట్టే. గడువుకు ఐదేళ్ల ముందే నేను లక్ష్యం చేరినట్టు ఒక ప్రకటన కూడా ఇప్పించగలరు.

అసలు సంగతి సాయంత్రం ఏడింటికి మొదలవుతుంది. మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర పైసల్లోకి దిగిన రోజులున్నాయి. కొనేవాడు లేక, మోసే లైను లేక రాజస్థాన్‌లో సౌర ప్లాంట్లను ఆపేయమంటున్నారు. అదే రోజు చీకటి పడేసరికి ఇళ్లలో ఏసీలు, ఫ్యాన్లు, మిక్సీలు ఒక్కసారిగా అందుకుంటాయి. ధర పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకుతుంది. కరెంటు పంపిణీ చేసే సంస్థ, అంటే డిస్కం, ఆ రేటుకు కొంటుంది. కొన్న తేడా మా ఆంధ్రప్రదేశ్ బిల్లుల్లో సర్దుబాటు చార్జీ అనే పేరుతో దిగుతుంది. 2022 చివర్లో కేంద్రం తెచ్చిన నిబంధనల పుణ్యమా అని యూనిట్‌కు 40 పైసల దాకా విద్యుత్ నియంత్రణ కమిషన్ విచారణ లేకుండానే నెలనెలా వసూలు చేసుకోవచ్చు. ఇంత చవకైన సూర్యుడు మా ఇంటికి చేరేసరికి ఇంత ప్రియమెందుకవుతున్నాడో సభలో ఎవరైనా అడిగితే బాగుండును.

అడిగే సందర్భాలు రాకపోలేదు. విద్యుత్ చట్ట సవరణ బిల్లు 2014లో వచ్చింది, సభ రద్దుతో మురిగిపోయింది. 2022 ఆగస్టు 8న మళ్లీ వచ్చి స్థాయీ సంఘానికి వెళ్లింది. 2024లో అదీ మురిగిపోయింది. 2025 అక్టోబరులో కొత్త ముసాయిదా. గొడవంతా ఒకే తీగ మీద పలు కంపెనీలు కరెంటు అమ్మడం గురించే. దాని వెనక ఉన్న భయం తీసిపారేసేది కాదు. బాగా కట్టేవాళ్లను కంపెనీలు ఏరుకుంటే పంపుసెట్లు, పేదల ఇళ్లు ప్రభుత్వ డిస్కం నెత్తినే మిగులుతాయి. 2022 బిల్లులోనే ఇంకో మాట ఉంది: నిర్ణయించినంత పునరుత్పాదక విద్యుత్తు కొనకపోతే యూనిట్‌కు 25 పైసల నుంచి జరిమానా. దాని మీద అరిచినవాళ్లు తక్కువ.

డిస్కంలు కొనకపోవడానికి కారణాలూ ఉన్నాయి. వేలంలో ఖరారైన ప్రాజెక్టుల్లో 40 గిగావాట్లకు పైగా కొనే ఒప్పందం లేక ఎదురుచూస్తున్నాయని 2025లో తేలింది. పగటి కరెంటు వాళ్ల దగ్గర చాలినంత ఉంది. కావలసింది రాత్రిది. రాష్ట్రాల్లో మేమూ తక్కువ తినలేదు. 2019లో మా అప్పటి ప్రభుత్వం పాత సౌర, పవన ఒప్పందాల రేట్లు తిరగదోడబోయింది. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందం ప్రకారం కట్టి తీరమంది. అలాంటి చోట ఇంకో ఇరవై అయిదేళ్ల ఒప్పందం మీద సంతకం పెట్టడానికి ఏ కంపెనీ అయినా రెండుసార్లు ఆలోచిస్తుంది. ఆ ఆలోచన ఖరీదు కూడా రేటులోకే వస్తుంది.

కాబట్టి తమరు దయతో వచ్చే సమావేశాల్లో ఒక నక్షత్రపు గుర్తు ప్రశ్నను, అంటే మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన ప్రశ్నను, అనుమతించాలి. ప్రశ్న ఇది: "గత ఏడాది ప్రతి నెలా సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా దేశం వాడిన యూనిట్లలో సూర్యుడి నుంచి, గాలి నుంచి, నీటి నుంచి, బ్యాటరీల నుంచి వచ్చినవెన్ని, బొగ్గువెన్ని? 2030 నాటికి ఈ నాలుగు గంటలకు ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యమేమిటి?" గ్రిడ్ నడిపేవాళ్లు రోజును పావుగంటకొకటి చొప్పున 96 ముక్కలు చేసి లెక్క రాస్తారు గనక సమాచారం సేకరిస్తున్నామన్న జవాబును దయచేసి అంగీకరించవద్దు. పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకెక్కించి సాయంత్రం వదిలే ప్లాంటులాంటివి ఎన్ని కావాలో, ఎవరు డబ్బు పెట్టాలో అనుబంధ ప్రశ్నగా ఎవరైనా లేస్తే, మైకు ఆపకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
ఎల్‌టీ-1 కేటగిరీ గృహ వినియోగదారు, ఆంధ్రప్రదేశ్